మ్యాజిక్ క్లబ్బులో మేం ఏం చేస్తామంటే

ఇంట్లో అద్దం ముందు పేక పట్టుకుని గంటలు గంటలు ప్రాక్టీస్ చేసేవాళ్లందరికీ ఒకటే బాధ ఉంటుందండి, చేసింది ఎవరికి చూపించాలి అని. ఇంట్లోవాళ్లు ఆ ట్రిక్కు ఇప్పటికే చూసి చూసి ఉంటారు, ఫ్రెండ్స్ ఏమో "సూపర్ రా, ఇంకోటి చెయ్" అంటారు లేదంటే "ఎలా చేశావో చెప్పు చెప్పు" అని ప్రాణం తీస్తారు, ఆ రెండిట్లో ఏదీ మనకి పనికొచ్చే మాట కాదు. మనకి కావాల్సింది "ఆ ముక్క తిప్పేటప్పుడు నీ బొటనవేలు లేచింది" అని చెప్పే మనిషి. ఆ మాట చెప్పాలంటే ఆ మనిషికి ట్రిక్కు వెనక సంగతి తెలిసుండాలి, తెలిసినా బయట నోరు విప్పకూడదు, మనం బాధపడతామేమో అని మింగేయకుండా చెప్పేంత చనువూ ఉండాలి. ఇవన్నీ ఉన్నవాళ్లు పదిమంది ఒకేచోట దొరికేది మ్యాజిక్ క్లబ్బులోనే. అక్కడ రహస్యాలు పంచుకుంటారని చాలామంది అనుకుంటారు గానీ రహస్యాలదేముంది, ఇప్పుడు ఏ వీడియోలో చూసినా దొరుకుతాయి, దొరకనిదల్లా మన మొహం మీద నిజం చెప్పేవాళ్లే.

అద్దం బాగా మోసం చేస్తుంది, ఈ సంగతి కొత్తవాళ్లకి తెలీదు. ప్రేక్షకుడికి కనపడకుండా చెయ్యాల్సిన ఆ ఒక్క పని, మూవ్ అంటాం మేం, సరిగ్గా అది చేసే క్షణంలో చాలామంది వాళ్లకి తెలియకుండానే కళ్లు ఆర్పేస్తారు. కళ్లు మూసుకున్నవాడికి అద్దంలో ఏం కనపడుతుంది, ఏమీ కనపడదు, దాంతో ట్రిక్కు అద్భుతంగా వచ్చేసింది అనుకుంటారు. "మీరు కన్ను ఆర్పుతున్నారండీ" అంటే ఎవరూ నమ్మరు, ఫోన్‌లో వీడియో తీసి స్లోగా తిప్పి చూపిస్తే గానీ ఒప్పుకోరు. ఫోన్ అద్దం కంటే చాలా నయం, కాకపోతే అదీ ఒక్క వైపు నుంచే చూస్తుంది, మన ఎడమ పక్కన కూర్చున్న ఆయనకి మన అరచెయ్యి లోపల ఏం కనిపిస్తోందో, కింద కూర్చున్న చిన్నపిల్లకి ఏం కనిపిస్తోందో చెప్పదు. మా క్లబ్బులో అందుకే ఎవరైనా ట్రిక్కు చేస్తుంటే అందరం ముందే కూర్చోం, ఇద్దరు పక్కలకి వెళ్తారు, ఒకరు వెనక నిలబడతారు, ఒకరు నేల మీద కూర్చుంటారు. యాంగిల్స్ చూడటం అంటే ఇదే.

మీటింగు నెలకోసారి పెట్టుకుంటాం. కుర్చీలు సర్దకముందే పేకలు బయటికి వచ్చేస్తాయి, కబుర్లు చెప్పుకుంటూనే చేతులు వాటి పని అవి చేసుకుంటూ ఉంటాయి, ఒకరు ముక్కలు కలుపుతుంటారు, ఒకరు నాణెం వేళ్ల మధ్య దొర్లిస్తుంటారు, ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. టేబుల్ మీద మెత్తటి మ్యాట్ పరుస్తాం, ఉత్తి చెక్క మీదైతే ముక్క ఎత్తడానికి గోరు దూరదు, నాణెం పెడితే చప్పుడు. ప్రతి నెలా ఒక అంశం అనుకుంటాం, ఒకసారి నాణేలు, ఒకసారి తాడు, ఒకసారి కప్పులూ బంతులూ, ఒకసారి మెంటలిజం, అంటే మనసులోది చెప్పేసినట్టు చేసే ట్రిక్కులు. అంశం ఒకటే అయితే లాభం ఏంటంటే, ఒకే కప్పులూ బంతులూ ఐదుగురు ఐదు రకాలుగా చేస్తారు, అప్పుడు ట్రిక్కు ఏదో మనిషి ఏదో తెలిసిపోతుంది. ఒకాయన కథ చెప్తూ చేస్తారు, ఒక అమ్మాయి ఒక్క మాట మాట్లాడకుండా మ్యూజిక్ పెట్టుకుని చేస్తుంది, ఇంకో కుర్రాడు ఎంత స్పీడుగా చేస్తాడంటే బంతి మాయమైందన్న సంగతి చూసేవాళ్లు గమనించేలోపే మళ్లీ వచ్చేస్తుంది, అప్పుడు వాడికి అందరం చెప్పేది ఒకటే, కాస్త ఆగరా నాయనా, మాయమైందని మమ్మల్ని నమ్మనివ్వు ముందు.

చూపించడానికి మాకో పద్ధతి ఉంది, దాన్ని గట్టిగా పాటిస్తాం. చేసేవాళ్లు చేసినంతసేపు ఎవరూ మాట్లాడకూడదు, ట్రిక్కు ముందే తెలిసినా తెలిసినట్టు మొహం పెట్టకూడదు, ముక్క తీసుకోమంటే మామూలు ప్రేక్షకుడిలాగే తీసుకోవాలి, కావాలని ఇబ్బంది పెట్టకూడదు. అయిపోయాక ముందు చేసినవాళ్లే చెప్పాలి ఎక్కడ ఇబ్బందిగా అనిపించిందో, ఆ తర్వాతే మిగతావాళ్లం. "బాగుంది" అని ఊరికే అనేసి వదిలెయ్యడానికి లేదు, ఏది బాగుందో చెప్పాలి, "బాలేదు" అన్నా అంతే, ఏ క్షణంలో అనుమానం వచ్చిందో చెప్పాలి. ఈ చివరి దాని విలువ ఇంతా అంతా కాదండి, ఎందుకంటే ప్రేక్షకుడికి అనుమానం వచ్చిందంటే వాడికి ట్రిక్కు తెలిసిపోవాల్సిన పనేం లేదు, "అప్పుడేదో చేశాడు" అన్న ఫీలింగ్ కలిగితే చాలు, అద్భుతం అక్కడే చచ్చిపోతుంది.

దగ్గర్నుంచి చూసింది ఒకటి చెప్తా. మా దగ్గరికి కాలేజీ కుర్రాడు ఒకడు వస్తాడు, నాణెం కుడిచేతిలోంచి ఎడమచేతిలో పెట్టినట్టు చూపించి ఎడమచెయ్యి తెరిస్తే ఉండదు, మ్యాజిక్‌లో మొట్టమొదట నేర్చుకునే వాటిల్లో అదొకటి. చాలా నీట్‌గా చేశాడు, వేళ్లన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయి, అయినా ఎవరికీ నమ్మకం కుదర్లేదు. మా క్లబ్బులో అందరికంటే పెద్దాయన, అందరం మాస్టారు అంటాం, వాణ్ని దగ్గరికి పిలిచి "బాబూ, ఇప్పుడు నిజంగానే పెట్టు" అన్నారు. వాడు నిజంగానే ఎడమచేతిలో పెట్టాడు. "మళ్లీ పెట్టు". మళ్లీ పెట్టాడు. అలా పెట్టిస్తూనే ఉన్నారు, పెట్టిస్తూ మాతో "వీడి కుడిచెయ్యి చూడండి" అన్నారు. అప్పుడు కనపడింది, నిజంగా పెట్టినప్పుడు వాడి కుడిచెయ్యి వదులుగా కిందకి జారిపోతోంది, వేళ్లు విచ్చుకుంటున్నాయి, చూపు నాణెంతో పాటే ఎడమచేతి మీదకి వెళ్తోంది, ఎడమ పిడికిట్లో కాస్త బరువు తెలుస్తోంది. ఉత్తుత్తిగా పెట్టినప్పుడేమో కుడిచెయ్యి గాల్లోనే బిగుసుకుపోయి ఆగిపోతోంది, పైగా పెట్టాక ఒక్క రెప్పపాటు వాడి కళ్లు ఆ కుడిచేతి వైపే వెళ్తున్నాయి. "సార్, నేను అటు చూడట్లేదు సార్" అన్నాడు వాడు. "చూస్తున్నావు బాబూ, నీకు తెలీట్లేదు, నీకు నిజం ఎక్కడుందో తెలుసు కాబట్టి కళ్లు అటే పోతాయి, వాటికి ఎడమచేతిలో ఉందని నువ్వే నేర్పాలి" అన్నారు. తర్వాతి నెల వాడు అదే నాణెం చేస్తే వెనకాల నిలబడ్డ ఒకావిడ, ఆవిడకి ఆ ట్రిక్కు బాగా తెలుసు, ఎడమచెయ్యి ఖాళీగా తెరుచుకునేసరికి "అయ్యో" అనేశారు.

కళ్ల సంగతి మాస్టారు ఊరికే చెప్పలేదు, దీని మీద సైంటిస్టులు కూడా పనిచేశారు. గుస్టావ్ కున్ అనే ఆయన మెజీషియన్, సైకాలజిస్టు కూడా, 2006లో మైకేల్ లాండ్‌తో కలిసి ఒక ప్రయోగం చేశాడు. బంతిని రెండుసార్లు నిజంగా పైకి ఎగరేసి పట్టుకుని మూడోసారి ఎగరేసినట్టు చెయ్యి మాత్రం ఊపుతారు, బంతి చేతిలోనే ఉండిపోతుంది. చేసేవాడు ఆ మూడోసారి కూడా పైకి చూస్తే, చూసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది బంతి పైకి వెళ్లడం మేం చూశాం అన్నారు, లేని బంతిని చూశారన్నమాట. చెయ్యి వైపే చూస్తూ ఊపితే నమ్మినవాళ్లు సగానికి సగం తగ్గిపోయారు. ఇంకా విచిత్రం ఏంటంటే వాళ్ల కళ్లు ఎటు కదులుతున్నాయో మెషీన్‌తో కొలిస్తే, బంతిని చూశాం అన్నవాళ్లలో చాలామంది కళ్లు బంతి ఉండాల్సిన చోటికి అసలు వెళ్లనే లేదు, మెజీషియన్ మొహం దగ్గరే ఉన్నాయి. నా దృష్టిలో మ్యాజిక్ నేర్చుకునే ప్రతివాళ్లూ వేళ్ల ప్రాక్టీసు కంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే, మనం ఎటు చూస్తే జనం అటు చూస్తారు, మనం ఏది నమ్మితే జనం అది నమ్ముతారు. ఒంటరిగా ఇంట్లో కూర్చుని ఇది నేర్చుకోవడం దాదాపు కుదరదు, చూసే కళ్లు ఇంకెవరివో ఉండాలి కదా.

కొత్తగా చేరినవాళ్లని మేం ఒక కుర్చీలో కూర్చోబెడతాం. టోనీ స్లైడినీ అని పాత తరం మహానుభావుడు ఉండేవాడు, ఇటలీ నుంచి వచ్చి అమెరికాలో పేరు తెచ్చుకున్నాడు, ఆయన పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది కాగితం ఉండల ట్రిక్కు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ముందే కాగితం ఉండ చేతిలో మాయమైపోతుంది, ఒకటి కాదు, వరసగా. ఆ కుర్చీలో ఉన్నవాళ్లకి తప్ప హాల్లో అందరికీ అది ఎలా మాయమవుతోందో కనపడుతూనే ఉంటుంది, ఆ ట్రిక్కు అందం అంతా అదే. మా మాస్టారు చేస్తుంటే కూర్చున్నవాళ్లు చేతిని తదేకంగా చూస్తూ ఉంటారు, చుట్టూ మేం నవ్వాపుకోలేక పడిపోతుంటాం, ఎందుకు నవ్వుతున్నారో వాళ్లకి అస్సలు అర్థం కాదు. తర్వాత వాళ్లని లేపి, ఇంకొకర్ని కూర్చోబెట్టి, పక్కన నిలబెట్టి చూపిస్తాం. అప్పుడు వాళ్ల మొహం చూడాలండి. "ఇంత పెద్దగా నా ముందే చేశారా" అని నోరు తెరుస్తారు. మిస్‌డైరెక్షన్, అంటే చూసేవాళ్ల దృష్టి పక్కకి మళ్లించడం, దాని గురించి ఎన్ని చదివినా రానిది ఆ కుర్చీలో కాసేపు కూర్చుంటే వచ్చేస్తుంది, ఒకటే షరతు, ఆ కుర్చీలో ఉన్న మనిషిని వెక్కిరించినట్టు ఎప్పుడూ ఉండకూడదు, చివర్లో ఆ మనిషికే చప్పట్లు కొట్టించాలి. స్టేజి మీదకి పిలిచిన ఎవరినైనా అలాగే చూసుకోవాలి, వాలంటీర్‌ని నవ్వులపాలు చేసి తెచ్చుకునే నవ్వు నాకు అస్సలు నచ్చదు.

క్లబ్బుల్లో ఒక ప్రమాదం కూడా ఉంది, దాని గురించి మాట్లాడాలి. కొన్నాళ్లకి అందరూ ఒకరినొకరు మోసం చేసుకోవడంలో పడిపోతారు. 1922లో డై వెర్నన్ అనే కుర్రాడు అప్పట్లో పేరుమోసిన మెజీషియన్ హూడినీకి ఒక ట్రిక్కు చూపించాడు, హూడినీ సంతకం పెట్టిన ముక్కని పేకలో పైముక్క కింద పెడితే అది మళ్లీ పైకి వచ్చేస్తుంది. ఏ ట్రిక్కైనా మూడుసార్లు చూస్తే కనిపెట్టేస్తా అని హూడినీ అంటూ ఉండేవాడు, దీన్ని మళ్లీ మళ్లీ చేయించుకున్నా కనిపెట్టలేకపోయాడు. "హూడినీని బోల్తా కొట్టించినవాడు" అని వెర్నన్‌కి జీవితాంతం పేరుండిపోయింది. వినడానికి చాలా బాగుంటుంది, ప్రతి క్లబ్బులో ప్రతివాడికీ తనూ ఒక వెర్నన్ అవ్వాలని ఉంటుంది. కానీ వెర్నన్ చేసిన ఆ ట్రిక్కు చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది చూడండి, ముక్క కింద పెట్టాం, పైకొచ్చింది, అంతే. మేం తెలిసిన మెజీషియన్లని బోల్తా కొట్టించాలని కట్టే ట్రిక్కులు అలా ఉండవు, నాలుగుసార్లు లెక్కపెట్టి, మూడు కట్టలు చేసి, మళ్లీ కలిపి, మామూలు మనిషికి మధ్యలోనే ఆవలింత వస్తుంది. అందుకే మేం రెండు నెలలకోసారి మ్యాజిక్ తెలియనివాళ్లని, అంటే ఇంట్లోవాళ్లనీ తెలిసినవాళ్లనీ, మీటింగుకి పిలుస్తాం. మాకు వావ్ అనిపించింది వాళ్లకి ఏమీ అనిపించదు, మేం పట్టించుకోని చిన్న తాడు ట్రిక్కుకి వాళ్లు అరుస్తారు. ఎవరి మాట వినాలో నాకైతే డౌటే లేదు.

లెక్కల రాత్రి అని ఒకటి పెట్టుకుంటాం, చేతులు ఇంకా తిరగనివాళ్లకి అది పండగే. మా మెంబర్ ఒకాయన లెక్కల టీచరు, చేతివాటం ఏమీ అవసరం లేని ట్రిక్కులు ఆయన దగ్గర నేర్చుకోవాలి. 52 ముక్కల్ని సరిగ్గా సగానికి 26, 26 చేసి ఒకటి విడిచి ఒకటి పడేలా ఏ మాత్రం తేడా లేకుండా కలపడాన్ని ఫారో అంటారు, ఇదొక్కటి మాత్రం చేతులు తిరిగినవాళ్లకే వస్తుంది, దాని వెనక లెక్క అందరిదీ. పైముక్క పైనే ఉండేలా అలా 8 సార్లు కలిపితే పేక మొత్తం మొదట్లో ఎలా ఉందో అలాగే వచ్చేస్తుంది, చూసేవాళ్లకేమో బాగా కలిసిపోయినట్టే ఉంటుంది. పైముక్క రెండో స్థానానికి పోయేలా కలిపితే మాత్రం మళ్లీ మొదటికి రావడానికి 52 సార్లు పడుతుంది. అలెక్స్ ఎల్మ్‌స్లీ అనే ఆయన ఇందులోంచి ఒక అందమైన సంగతి పట్టుకున్నాడు. పైముక్కని మనం కోరిన చోటికి పంపాలంటే దానిపైన ఎన్ని ముక్కలుండాలో ఆ అంకెని కంప్యూటర్ భాషలో ఒకట్లు సున్నాలుగా రాసుకోవడమే, ఒకటి వస్తే రెండో రకంగా కలపాలి, సున్నా వస్తే మొదటి రకంగా. 6 కావాలంటే 110, అంటే రెండుసార్లు రెండో రకం, ఒకసారి మొదటి రకం, ఆ ముక్కపైన ముందు ఒకటి, తర్వాత మూడు, చివరికి ఆరు ముక్కలుంటాయి. టీచరు గారు ఇది బోర్డు మీద రాసి, ఆ పక్కనే పేకతో చేసి చూపించినప్పుడు, లెక్కలంటే భయపడే పిల్లలు కూడా పెన్ను తీసి కాగితం మీద మొదలుపెట్టేస్తారు.

పేకని రెండు భాగాలు చేసి బొటనవేళ్లతో ముక్కలు జారవిడుస్తూ ఒకదాంట్లోకి ఒకటి కలిపే పద్ధతి ఇంకోటి ఉంది, రిఫిల్ అంటారు, అది అంత కచ్చితంగా ఉండదు. అలా కలిపితే పేక నిజంగా కలవడానికి 7 సార్లు పడుతుందని 1992లో లెక్కగట్టింది డేవ్ బేయర్, పెర్సీ డయకోనిస్. ఆ డయకోనిస్ గురించి చెప్పకపోతే మా వాళ్లు ఊరుకోరు, ఆయన 14 ఏళ్ల వయసులో ఇల్లు వదిలేసి పైన చెప్పిన డై వెర్నన్‌తో మ్యాజిక్ చేస్తూ తిరిగాడు, ఆ తర్వాత చదువుకుని పెద్ద గణిత శాస్త్రవేత్త అయ్యాడు. పేక మీద ఇష్టం మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చూడండి.

ఇలా కూర్చుని చూపించుకోవడం కొత్తగా మేం మొదలుపెట్టింది కాదు. 1902లో న్యూయార్క్‌లో మార్టింకా వాళ్ల మ్యాజిక్ షాపు వెనక గదిలో కలుసుకునేవాళ్లంతా కలిసి సొసైటీ ఆఫ్ అమెరికన్ మెజీషియన్స్ పెట్టుకున్నారు. 1905లో లండన్‌లో మ్యాజిక్ సర్కిల్ వచ్చింది. 1922లో ఇంటర్నేషనల్ బ్రదర్‌హుడ్ ఆఫ్ మెజీషియన్స్ మొదలైంది, అది ఉత్తరాలు రాసుకునే కొద్దిమందితో పుట్టి ఇవాళ చాలా దేశాల్లో ఉంది, దాని లోకల్ క్లబ్బుల్ని రింగులు అంటారు. వీటన్నిట్లో ఎక్కువమంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఇష్టంతో మ్యాజిక్ చేసేవాళ్లే.

ఈ పాత క్లబ్బుల చరిత్రలో నాకు కోపం తెప్పించేది కూడా ఒకటుంది. మ్యాజిక్ సర్కిల్ 1991 దాకా ఆడవాళ్లని చేర్చుకోలేదు. అప్పుడు సోఫీ లాయిడ్ అనే ఆవిడ, తన తోటి మెజీషియన్ జెన్నీ విన్‌స్టాన్లీతో కలిసి ఒక ప్లాన్ వేశారు, సోఫీ విగ్గూ సూటూ వేసుకుని రేమండ్ లాయిడ్ అనే అబ్బాయిగా వెళ్లి పరీక్ష ఇచ్చారు. చేతులు చూస్తే ఆడపిల్లని తెలిసిపోతుందని గ్లౌజులు వేసుకున్నారు, ఆ గ్లౌజులతోనే చేతివాటం ట్రిక్కులు చేశారు, పేక పట్టుకున్నవాళ్లకి తెలుస్తుంది అదెంత కష్టమో. పాసయ్యారు, మెంబరయ్యారు. ఆడవాళ్లకి తలుపులు తెరుస్తాం అని సర్కిల్ ప్రకటించాక ఆవిడ నేనే రేమండ్ అని బయటపెడితే, తీసుకోవడం మానేసి మోసం చేశావని గెంటేశారు. మోసం చెయ్యడమే కళ అయిన చోట. 2025లో క్షమాపణ చెప్పి మెంబర్‌షిప్ తిరిగి ఇచ్చారు, జెన్నీ అది చూడకుండానే ఎప్పుడో చనిపోయారు. మా క్లబ్బులో ఆడవాళ్లు ఉన్నారు, ఇంకా రావాలి, డబ్బాలో పడుకోబెట్టి కోసే అసిస్టెంట్‌గా కాకుండా రంపం పట్టుకునే మెజీషియన్‌గా రావాలి.

ఇక రహస్యాల సంగతి. కారణం లేకుండా బయటివాళ్లకి విప్పి చెప్పం, ఒకే ట్రిక్కు అదే జనానికి వెంటనే రెండోసారి చెయ్యం, ఇంకొకరు సొంతంగా కట్టుకున్న ఐటమ్ అడగకుండా ఎత్తుకోం, ఎవరి దగ్గర నేర్చుకున్నామో పేరు చెప్తాం. అయితే నేర్చుకోవాలని నిజంగా ఉన్నవాళ్లకి దాచడం అంటూ ఏమీ లేదు, మాస్టారి దగ్గర ఎంత అడిగితే అంత చెప్తారు, ఆయన పెట్టే పరీక్ష ఒకటే, పోయినసారి చెప్పింది ప్రాక్టీస్ చేసుకొచ్చావా లేదా.

మెంటలిజం నెల వచ్చినప్పుడు మాత్రం వాదనలు గట్టిగానే జరుగుతాయి. మనసులో అనుకున్న పేరు చెప్పేయడం, మూసిన కవర్లో రాసింది చదివేయడం, ఇవి చేసినప్పుడు కొంతమంది ప్రేక్షకులు నిజంగానే మనకేదో శక్తి ఉందనుకుంటారు, షో అయ్యాక పక్కకి పిలిచి పోయిన వస్తువు గురించో పెళ్లి సంబంధం గురించో అడుగుతారు. మాలో ఒకరిద్దరు "ఆ మిస్టరీ అలాగే ఉంచాలి, చెప్పేస్తే థ్రిల్ పోతుంది" అంటారు. నేనైతే ఒప్పుకోను. స్టేజి మీద ఎంతైనా మిస్టరీ చెయ్యండి, కిందకి దిగాక ఆ మనిషి కళ్లలోకి చూసి "ఇది కళండీ, నాకు ఏ శక్తులూ లేవు" అని చెప్పాలి. 1584లోనే రెజినాల్డ్ స్కాట్ అనే ఇంగ్లీషాయన గారడీవాళ్లు చేసే ట్రిక్కులు ఎలా చేస్తారో పుస్తకంలో రాశాడు, మంత్రగత్తెలని పేరు పెట్టి జనాన్ని హింసిస్తున్న రోజులవి, అందులో క్షుద్రం ఏమీ లేదని చూపించడానికి రాశాడు. హూడినీ చివరి సంవత్సరాల్లో చనిపోయినవాళ్లతో మాట్లాడిస్తాం అనేవాళ్ల గుట్టు బయటపెడుతూ తిరిగాడు. మోసం ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లం మనమే కాబట్టి ఆ బాధ్యత కూడా మన మీదే ఎక్కువుంటుంది అని మా క్లబ్బులో చివరికి రూల్‌గా రాసుకున్నాం, ఓటింగ్ పెట్టి మరీ.

బయట చేసే షోల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి హాస్పిటల్ పిల్లల వార్డులో చేసేవి. దానికి తయారవడం వేరేగా ఉంటుంది. ముందు పర్మిషన్, తర్వాత వస్తువులు తుడవగలిగేవి అయ్యుండాలి, ప్లాస్టిక్ కార్డులు పనికొస్తాయి, గుడ్డతో చేసినవి, వాడిన తాళ్లు తీసుకెళ్లం, స్పాంజి బంతులైతే కొత్తవి తీసుకెళ్లి ఏ బిడ్డ దగ్గర వాడామో ఆ బిడ్డకే ఇచ్చేస్తాం, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే అవీ వద్దు. బెలూన్లు కొంతమందికి పడవు, అందుకని మానేశాం. మంటలు, పెద్ద చప్పుళ్లు అసలే వద్దు. మంచం పక్కన చేస్తుంటే స్టేజి మీద నేర్చుకున్నది సగం పనిచెయ్యదు, బిడ్డ పడుకుని ఉంటుంది, మన చేతుల్ని కిందనుంచి చూస్తుంది. మా క్లబ్బులో ఒకావిడ నర్సుగా పనిచేశారు, ఆవిడ చెప్పిన మాటే మేమందరం పట్టుకున్నాం, "మ్యాజిక్ మీ చేతిలో జరగకూడదు, పాప చేతిలో జరగాలి". ఒక స్పాంజి బంతి మన చేతిలో ఉంచుకుని ఇంకోటి పాప పిడికిట్లో పెట్టి గట్టిగా మూసుకో అంటాం, మన చేతిలోది మాయమవుతుంది, పాప పిడికిలి తెరిస్తే రెండుంటాయి. రోజంతా సూదులు గుచ్చడానికి చాచే చెయ్యి అది, ఆ చేతిలో ఏదో జరిగింది, పైగా తనే చేసింది. చాలామంది పిల్లలు ఆ వెంటనే వాళ్లమ్మని పిలుస్తారు, అమ్మా నేను చేశా చూడు అని. మాకు చప్పట్లతో పనిలేదు అక్కడ.

ఏడాదికోసారి పాత సామాన్ల వేలం ఉంటుంది. ప్రతి మెజీషియన్ ఇంట్లో ఒక పెట్టె ఉంటుంది, కొని ఒక్కసారి కూడా చెయ్యని ప్రాప్స్ అన్నీ అందులో ఉంటాయి. ఒకరికి పనికిరానిది ఇంకొకరు పట్టుకుని మూడు నెలల్లో తన బెస్ట్ ఐటమ్ చేసుకుంటారు. వచ్చిన డబ్బు క్లబ్బుకి, దాంతో బయటినుంచి అనుభవం ఉన్న మెజీషియన్‌ని లెక్చర్‌కి పిలుస్తాం. చనిపోయిన మెంబర్ల సామాను కూడా కొన్నిసార్లు ఇంట్లోవాళ్లు తెచ్చి ఇస్తారు, అవి వేలంలో పెట్టం, వాడేవాళ్లకి ఇస్తాం. మెంబర్ చనిపోయినప్పుడు మంత్రదండం విరిచే ఆచారం మెజీషియన్లలో ఉంది, 1926లో హూడినీ అంత్యక్రియల్లో మొదలైంది, ఆ మనిషి లేకుండా అది ఉత్తి కర్ర అని చెప్పడానికి. మేమూ చేస్తాం, చాలా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఆ తర్వాత ఆయన ఇష్టంగా చేసే ట్రిక్కు ఒకటి ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లెవరైనా చేస్తారు.

మీ దగ్గర్లో క్లబ్బు లేకపోతే పెట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు, నలుగురు చాలు, ఒక టేబుల్ చాలు. నలుగురూ ఒకే స్థాయిలో ఉండక్కర్లేదు, ఒకరు పూర్తిగా కొత్త అయితే ఇంకా మంచిది, ఆ మనిషే మీకు అసలైన ప్రేక్షకుడు. వచ్చేవాళ్లకి కొత్త ట్రిక్కు తెమ్మని చెప్పకండి, ఇప్పటికే బాగా వచ్చనుకుంటున్న ట్రిక్కు ఒకటే తెమ్మనండి, దాంట్లోనే బోలెడు పని దొరుకుతుంది. పక్కల నుంచి చూడటం మొదటి మీటింగు నుంచే అలవాటు చేసుకోండి. "ఎక్కడ అనుమానం వచ్చింది" అన్న ప్రశ్న తప్ప ఇంకే ప్రశ్నా అడక్కపోయినా పర్లేదు. ఎవరు ముందు చెయ్యాలో మాత్రం చీట్లు వేసి తేల్చేయండి, లేదంటే నలుగురూ పేకలు కలుపుకుంటూ "మీరు చెయ్యండి, కాదు మీరు" అనుకుంటూనే మీటింగు అయిపోతుంది.